తల అని రాసిన చీటీ

వాడే. వాడు కాక ఇంకెవరు చెప్పుంటారు? ఆ రోజు ఆ హాల్లో ఉన్నది ఇద్దరే. గోడలకు చెవులుంటాయంటారు గానీ, మ్యూజియం గోడలకు దుమ్ము తప్ప ఇంకేమీ ఉండదు.

అందరూ ఎముకలమ్మ అని పిలిచే ఆమె పొద్దున్నుంచీ ఇదే తలపోస్తోంది. చేతిలోని రాతిముక్క మీద మట్టి పోయి చాలాసేపయింది. కుంచె మాత్రం ఆగలేదు.

నిప్పు రాజేసింది ఆడపడుచు. పళ్ల డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే నలభై ఏళ్ల మనిషి. పేషెంట్లు లేనప్పుడల్లా చేతిలో వీడియో గేమ్ ఉండాల్సిందే. నిన్న భోజనాల దగ్గర ఆ తెర తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టింది.

"వదినా, చూడు చూడు! నీ చుట్టమొచ్చింది."

ఆ ఆటలో వింత జంతువుల్ని పట్టుకుని పెంచుకోవాలి. రాళ్లలో దొరికే పాత ఎముకల్ని ఒక ముసలి డాక్టరుకు ఇస్తే, ఆయన వాటిని యంత్రంలో పెట్టి ప్రాణం పోస్తాడు. ఆడపడుచు ఇచ్చిన రాయిలోంచి లేచిన జంతువుకు తల తోక చివర ఉంది. ముందుకు వెళ్లబోయి వెనక్కి నడుస్తోంది.

"తలా తోకా లేని మాటలు విన్నాం గానీ, తలా తోకా తారుమారైన జంతువును ఇప్పుడే చూస్తున్నా!" అంటూ ఆడపడుచు పడీ పడీ నవ్వింది.

ఎముకలమ్మ కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది.

పన్నెండేళ్ల కిందట కింది హాల్లో ఒక సముద్రపు బల్లిని నిలబెట్టారు. ఎముకలు చెల్లాచెదురుగా దొరికాయి, పుర్రె విడిగా దొరికింది. అది ఏ చివరిదో తేల్చింది ఆమే. పక్కన పెట్టే చిత్రం గీయడానికి వచ్చినవాడు, అందరికీ బొమ్మల తమ్ముడు, ఒక్కసారి తల గోక్కున్నాడు.

"అక్కా, తల ఇటేనంటారా?"

"బొమ్మలేసేవాడివి బొమ్మలెయ్యి. ఎముకల సంగతి నాకొదిలెయ్."

వాడు ఆమె చెప్పినట్టే గీశాడు. తర్వాత ఆటలు తయారుచేసే కంపెనీలో చేరిపోయాడు; ఆడపడుచు ఆడేదీ వాళ్ల ఆటే. రెండేళ్లకు ఒకనాడు బల్లి మీద దుమ్ము తుడుస్తుంటే ఆమె వేలికి తేడా తగిలింది. వెన్నుపూసల కొక్కేలన్నీ ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నాయి. తాను తోక అనుకున్నది మెడ. చెయ్యి వెనక్కి తీసుకుని, గుడ్డ మడిచి, పైకి వచ్చేసింది. అప్పటికే ఆ బల్లి పుణ్యమాని ఆమెకు పెద్ద కుర్చీ వచ్చింది. కుర్చీని తలుచుకుని నోరు మూసుకుంది. పదేళ్లు.

ఇప్పుడు ఎవరిని చూసినా అనుమానమే. పొద్దున్న గేటు దగ్గర కాపలా ముసలాయన ఎందుకు నవ్వాడు? రోజూ నవ్వుతాడు, నిజమే. ఇవాళ ఒక పన్ను ఎక్కువ కనిపించింది. పైఅధికారి "మీ బల్లి ఎలా ఉంది?" అన్నాడు. బల్లి ఎలా ఉంటుంది, చచ్చి కోట్ల ఏళ్లయితే?

ఉండబట్టలేక ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"ఆ జంతువును ఎవరు గీశారో అందులో ఉంటుందా?"

"ఆట చివర్లో పేర్లు పడతాయిలే. ఉండు... ఎవరో ఆవిడ. నువ్వు చెప్పే ఆ తమ్ముడి పేరు మబ్బులూ చెట్లూ గీసినవాళ్లలో ఉంది. ఏం?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషివా నువ్వు! అయినా ఇదొక్కటేనా, అలాంటివి నాలుగున్నాయి. ఒకదానికి మోకాళ్లకు రెక్కలు. ఆటలోని ఆ ముసలి డాక్టరుకి చత్వారం వదినా, అదీ అందులో జోకు. నా దాన్ని మాత్రం సరిచెయ్యనివ్వను, ముద్దొస్తోంది."

ఫోన్ పెట్టేసింది. గుండె తేలికపడాలి. పడలేదు. వాడు చెప్పలేదు. కాపలా ముసలాయనకు తెలియదు. పైఅధికారికి అసలే తెలియదు. పొద్దున్నుంచీ ఇంటింటికీ తిరిగిన అనుమానం, ఎవరూ లోపలికి రానివ్వక, తిరిగి ఆమె కాళ్ల దగ్గరే వచ్చి పడుకుంది. తెలిసినవాళ్లు ఒక్కరే.

మ్యూజియం మూసే వేళకు కిందికి దిగింది. అద్దాల అవతల బల్లి ఎప్పటిలాగే తప్పుడు వైపు చూస్తోంది. మెడలోని తాళంచెవితో తలుపు తీసింది. పుర్రెను కదిలించాలంటే నలుగురు మనుషులూ, నిచ్చెనా, పైఅధికారి సంతకమూ కావాలి. దాని కింద అగ్గిపెట్టెంత చీటీ ఉంది, 'తల' అని. ఆ చివర ఇంకోటి, 'తోక'.

"ఏంటమ్మా, ఊడిపోయిందా?" కాపలా ముసలాయన ఆమె చేతిలోని చీటీ చూసి దగ్గరికి వచ్చాడు.

"ఊడలేదు. నేనే పీకాను."

"రేపు జనం వచ్చి, ఇదేంటి ఇలా ఉంది అనడిగితే?"

"నా గదికి పంపించు."

ఆమె తోక దగ్గరికి నడిచి, అక్కడి చీటీ తీసేసి, 'తల' అని రాసిన చీటీని దాని చోట అతికించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది.