ఏటికి దారి
మిట్టమధ్యాహ్నం, మూణ్ణెల్లుగా సన్నబడుతున్న ఏటి నడిమధ్యలో పడవ ఇసుకలో కూరుకుపోయింది. పడవలో పురిటినొప్పులు పడుతున్న పిల్ల. ఇరవై ఏళ్లుగా ఆ రేవు దాటిస్తున్న పడవక్క గడ పారేసి, బురదలోకి దిగి నెట్టింది. కదల్లేదు. ఏరు పెద్దనదిలో కలిసే చోటే నీళ్లు లేకపోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. నలుగురూ మోసుకుని ఒడ్డుకు చేర్చేసరికి పొద్దుపోయింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

పడవక్క ఊరు వలలపాకలో జనం మండిపడ్డారు.

"కొండోళ్లే నీళ్లు ఆపుకున్నారు. కొండమీద పనులు చేయించే కాంట్రాక్టరే చెప్పాడు. కర్రలు తియ్యండి!" అన్నాడు పడవక్క మరిది.

"వాడు చెప్పాడని కొట్టుకు చద్దామా? ఏరెక్కడ ఆగిందో కళ్లతో చూసొస్తా," అంది పడవక్క.

"నేను రాను వదినా."

"రాకపోతే మానెయ్. నోరు మాత్రం పారేసుకోకు."

పడవక్కతో కలిసి ఎనిమిదిమంది ఎండిన ఏటి వెంబడి ఎగువకు నడిచారు. రెండోరోజు, దున్నిన పొలాల్లో విత్తనం చల్లలేక కూర్చున్న రైతులు కనిపించారు. వాళ్లదీ అదే మాట, "కొండోళ్లు తాగేస్తున్నారంట!" చెప్పిన నోరూ ఆ కాంట్రాక్టరుదే. వాళ్లలో ముప్పైమంది వెంట వచ్చారు.

మూడోరోజు కొండదారిలో గొడ్డళ్లు అడ్డొచ్చాయి.

"మీకు నీళ్లియ్యాలనే మమ్మల్ని ఊళ్లు ఖాళీ చెయ్యమంటున్నాడు కాంట్రాక్టరు. మా ఇళ్లు ముంచి తాగుతారా?" గర్జించాడు కొండవాళ్ల పెద్ద.

"మాకు నీళ్లా? తాతా, మూడ్రోజులు ఏట్లోనే నడిచొచ్చాం. మా కాళ్లు చూడు. ఎక్కడైనా తడి ఉందా?" అంది పడవక్క.

ముసలాయన వంగి చూశాడు. గొడ్డలి దించి, "పదండి" అన్నాడు.

మలుపు తిరిగితే కాంట్రాక్టరు వేసిన కంచె, కంచె వెనక అడ్డుకట్ట, దాని వెనక నిండుగా ఏరు. లావుపాటి గొట్టాలు ఆ నీళ్లను కొండ అవతలి కార్ఖానాకు మోస్తున్నాయి.

"అర్జీ పెడదాం," నసిగాడో రైతు.

"మూడు పెట్టాం," అన్నాడు తాత.

"పెట్టీ పెట్టీ మనమే ఎండిపోయాం. నడవండ్రా!" అంది పడవక్క.

కాపలావాళ్లు లాఠీలు లేపారు. ఆడవాళ్లు వాళ్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. పడవక్క నుదురు పగిలింది. కొండవాళ్లు తూముకు కట్టిన గొలుసు నరికారు. రైతులూ బెస్తలూ కలిసి చక్రం తిప్పారు. తలుపు లేచింది. నీళ్లు రాళ్లమీద దూకి పల్లానికి పరుగెత్తాయి. చుట్టుపక్కల కొండ ఊళ్లవాళ్లూ వచ్చి చేరారు. అందరూ మర్నాటిదాకా తూమును కాచుకుని కూర్చున్నారు.

అప్పుడొచ్చారు పోలీసులు. పడవక్కనూ తాతనూ వ్యానెక్కించారు.

"తలుపు దించనివ్వకండి!" వ్యానులోంచి అరిచాడు తాత.

"దించమను, చూద్దాం!" అన్నారు రెండొందలమంది.

వ్యాను ఏటి వెంబడే దిగువకు సాగింది. కిటికీ చువ్వల్లోంచి పడవక్క చూస్తూనే ఉంది. ఊరూరా జనం గట్లెక్కి నీళ్లను చూస్తున్నారు, వ్యానును చూసి పిడికిళ్లెత్తుతున్నారు.

రేవు దగ్గర బ్రేకు పడింది. కొండమీంచి కబురు ముందే చేరింది. రోడ్డుకడ్డంగా పడవలు, పడవల ముందు ఊరు ఊరంతా. అందరికన్నా ముందు, ఆనాడు రానన్న మరిది.

"దారి వదలండి!" అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"మూణ్ణెల్లు ఏటికి దారి మూసినోణ్ణి అడిగారా ఈ మాట?" అన్నాడు మరిది. "ముందు వాణ్ణి తీసుకురండి. అప్పటిదాకా మా వదినా కదలదు, ఈ పెద్దాయనా కదలడు, మేమూ కదలం."

జనం రోడ్డుమీద కూర్చున్నారు.