ప్రేమమణి చీటీ

జూన్‌లో మా కాలేజీ స్నేహ సమాజానికి నేను సెక్రటరీనయ్యాను. ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి అయ్యాను. చాపెల్ వెనక ఒక గది, ఒక కెటిల్, పదిహేను కుర్చీలు, అదీ మా ఆస్తి. సమాజం బాధ్యత చూసే జెరెమియా సర్ మొదటి రోజే చెప్పేశారు.

"పదిహేను మంది లేకుంటే రూమ్ కోచింగ్ క్లాసులకు పోతది వసుధా. ప్రిన్సిపల్ గారు గట్టిగనే చెప్పిండ్రు."

దొరికింది పదకొండు మందే. నా క్లాసువాళ్లను బతిమాలి మరో నలుగురి చేత సంతకాలు పెట్టించాను. వాళ్లు ఎన్నడూ రారని నాకు తెలుసు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. అందరూ చీటీ మీద పేరు, కింద ఒక చిన్న కోరిక రాసి డబ్బాలో వేస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్ల కోరిక తీరుస్తూ, డిసెంబరు దాకా తన పేరు చెప్పకుండా కనిపెట్టుకుని ఉండాలి. క్రిస్మస్ టీ రోజున వెళ్లి వాళ్ల కుర్చీ వెనక నిలబడాలి. ఇంకొకరి చీటీ మాత్రం విప్పకూడదు. రూల్స్ విషయంలో నేను మహా నిక్కచ్చి. రాని నలుగురి పేర్లతో కూడా నేనే చీటీలు రాసి డబ్బాలో వేశాను; వాళ్ల తరఫున నేనే తీసిన నాలుగు చీటీలనూ చూడకుండా కవర్లో పెట్టి, అంటించి, సొరుగులో పడేశాను. ఉత్త పేర్లకు ఉత్త పేర్లే పడి ఉంటాయిలే అనుకున్నాను. ఎంత తెలివో చూడండి.

నా చీటీలో సరదాకి జామకాయ అని రాశాను. ప్రతి శుక్రవారం నా బల్లమీద ఒక దోరజామకాయ, ఉప్పుకారం పొట్లం ఉండేవి. ఒక్క వారం కూడా తప్పలేదు.

జనం మాత్రం జారుకున్నారు. ఆగస్టులో ఇద్దరు, సెప్టెంబరులో నలుగురు. ఈ కాలం వాళ్లకు ఫోన్లు తప్ప మనుషులు అక్కర్లేదని జెరెమియా సర్ దగ్గర తిట్టిపోశాను.

ఫస్టియర్ ప్రేమమణి ఒక్కతే తప్పకుండా వచ్చేది. యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. అక్టోబరులో ఒకరోజు కప్పులు కడుగుతూ అంది:

"నాకు గీ కాలేజ్ల ఒక్క దోస్త్ సుత లేదక్కా. బంద్ చేసి అమ్మ షాపుల కూసుందామనుకున్న. గని నా చీటీ ఎవరికో వచ్చింది గద! సిగ్గుతోని వస్తలేరేమో. క్రిస్మస్ టీ దాకా చూస్త."

"తప్పకుండ వస్తరు. జెర ఆగు," అన్నాను. ఏమీ తెలియకుండానే మాట ఇచ్చేశాను.

క్రిస్మస్ టీకి మిగిలింది ఐదుగురం. ఒక్కొక్కరే లేచి తమ వాళ్ల వెనక నిలబడుతున్నారు. ప్రేమమణి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. జామకాయలు ఆ పిల్లవి. తర్వాత తన కుర్చీలోకి వెళ్లి నిటారుగా కూర్చుంది. అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరూ లేవలేదు.

ఆ చీటీ నాకే వచ్చిందని లేచి ఉండాల్సింది. ఒకరికి రెండు చీటీలు కూడదన్న రూల్ గుర్తొచ్చింది నాకు. ఛీ, నా రూల్సూ నేనూ!

"పర్లేదక్కా," అని తనే కేకు కోసి అందరికీ పెట్టింది.

అందరూ వెళ్లాక కవరు చింపాను. ఒకటి ఉత్త పేరు. రెండేమో సెప్టెంబరులో మానేసిన వాళ్లవి. నాలుగోది ప్రేమమణిది. కోరిక: "లంచ్‌కి నా పక్కన కూర్చుంటే చాలు." మా సమాజాన్ని చంపింది ఫోన్లు కాదు. రాని వాళ్ల కోసం కొందరిని వెతికించి, కొందరు ఎదురుచూసేలా చేసి నేనే చంపాను.

జనవరి నుంచి ప్రేమమణి కాలేజీకి రాలేదు. ఏప్రిల్లో గదీ పోయింది. మొహం చెల్లక అన్నాళ్లూ ఆగిన నేను, గది పోయిన రోజు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని రెజిమెంటల్ బజార్‌లో వాళ్లమ్మ టైలరింగ్ షాపుకు వెళ్లాను. ప్రేమమణి చీరకు ఫాల్ కుడుతోంది.

"నీ చీటీ నా సొరుగులనే ఉండె ప్రేమా. తప్పు నాదే. కలిసి తిందామని వచ్చిన."

తల వంచుకుని దారం తెంపింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది. లేచి స్టూలు తుడిచి నాకు వేసింది.

"నేను తిన్నక్కా. నువ్వు తిను."

మిషన్ పక్కన ఆమె అన్నం డబ్బా మూత తీయకుండానే ఉంది.