పడక్కుర్చీకి నలభై రోజుల విరామం

బీటలు వారిన బీడు నేలని ఎనభై ఆవులతో బతికించడం అతని ఉద్యోగం. రోజూ పొద్దున్నే కరెంటు తీగని ఒక మడి నుంచి ఇంకో మడికి జరుపుతాడు కాబట్టి అందరూ తీగమామ అనేవారు. మంద మొత్తం ఒక్క మడిలో ఒక్కరోజు గట్టిగా మేసి, తొక్కి, పేడ వేసి పోవాలి. ఆ తర్వాత నలభై రోజులు ఆ మడి జోలికి ఎవరూ పోకూడదు. నాలుగేళ్ళకి గడ్డి మోకాలెత్తు లేచింది. పోయినేడు వానలు ముఖం చాటేస్తే చుట్టుపక్కల నేలంతా దుమ్మై ఎగిరిపోయింది, అతని నేల మాత్రం తడిని పట్టుకుని కూర్చుంది.

ఈ సంగతులన్నీ సాయంత్రం పూట పడక్కుర్చీలో వాలి భార్యకి చెప్పేవాడు. ఆమె ఎదురుగా కుట్టుమిషన్ తొక్కుతూ వినేది. నాలుగేళ్ళుగా గడ్డి గురించి, అంతకు ముందు పదిహేనేళ్ళు ఇంకేవేవో విషయాల గురించి.

ఒకరోజు ఆమె క్యారియరు పట్టుకుని పొలానికి వచ్చింది. నీళ్ళ తొట్టి పక్కన బోడిగా మెరుస్తున్న నేలని చూపించి, అక్కడేం మొలవదేం అని అడిగింది. ఆవులు రోజూ అక్కడే నిలబడతాయనీ, తొక్కి తొక్కి రాయైపోయిందనీ, నీళ్ళు పోసినా తాగదనీ చెప్పాడు. ఆమె ఆ చోటుని కాలి బొటనవేలితో నొక్కుతూ చాలాసేపు నిలబడింది.

మర్నాడు అతను ఇంటికొచ్చేసరికి మూడు గదుల ఇల్లు నలభై ఒక్క మడులై ఉంది. అతని కొట్లోంచి తెచ్చిన, కరెంటు కంచెకి వాడే తెల్లటి పట్టీ, మేకులు, సుద్దముక్కతో అంకెలు. ఫ్రిజ్ వెనక జానెడు సందు కూడా ఒక మడే. పడక్కుర్చీ, కుట్టుమిషన్ ఉన్న చోటు నలభై ఒకటోది.

"పందొమ్మిదేళ్ళుగా మీరు నన్ను ఒకేచోట నిలబడి మేస్తున్నారు," అంది ఆమె, కోపమేమీ లేకుండా. "ఇంట్లో ఉన్నంతసేపూ రోజుకో మడిలో ఉంటూ నలభై రోజులు నన్ను వదిలెయ్యండి. అప్పటికీ ఏం మొలవకపోతే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను."

ఆ పథకంలో తప్పు పట్టాలని చూశాడు. ఒక్కటే దొరికింది.

"ఒంటి పశువుతో ఇది పనిచెయ్యదు. రుచైనవి ఏరుకు తిని మిగతావి వదిలేస్తుంది."

"మీ సంగతే కదా చెప్తున్నారు."

తొమ్మిదో రోజు బావమరిది వచ్చాడు. చెప్పుల స్టాండుకీ తలుపుకీ మధ్య తాగే నీళ్ళ బకెట్టుతో నిలబడ్డ బావని ఎగాదిగా చూసి, "ఏం బావా, కట్టేసిందా?" అన్నాడు.

"కట్టెయ్యలేదు. ఇవాళ ఈ మడి వంతు."

పట్టీలో కరెంటుందా అని అడిగాడు. లేదన్నాడు. మరి దాటొచ్చుగా అన్నాడు బావమరిది. ఆ ప్రశ్న అతన్ని రోజంతా కుట్టింది. ఒకసారి షాకు తిన్న ఆవు ఉత్త తాడుని చూసినా ఆగిపోతుంది. తనకి షాకు ఎప్పుడు కొట్టింది? ఆమె తన అక్క దగ్గరికి పోతానన్నప్పుడా? లేక ఆ మాట విని తనకి ఆశ్చర్యం కలగనప్పుడా?

ఫ్రిజ్ వెనక నిలబడ్డ రోజు గోడ వెచ్చగా ఉంటుందని తెలిసింది. మెట్ల కింద ముడుచుకున్న రోజు, కుట్టుమిషన్ ఉన్నట్టుండి ఆగుతుందనీ, ఆగినప్పుడు ఆమె ఊరికే కిటికీలోంచి చూస్తుందనీ తెలిసింది. ఇన్నేళ్ళలో ఆ ఆగడం అతనికి వినబడలేదు. తను మాట్లాడుతుండేవాడు. ముప్ఫయ్యో రోజున ఆమె ఏదో కూనిరాగం తీసింది. అతను బకెట్టు చప్పుడు కాకుండా పట్టుకుని నిలబడ్డాడు.

నలభై ఒకటో పొద్దున ఆమే పట్టీ విప్పి పక్కకి తప్పుకుంది. అతను గీత దగ్గర ఆగిపోయాడు. రోజులు నిండినంత మాత్రాన మందని తోలడు అతను, మోకాళ్ళ మీద కూర్చుని వేరు నేలని పట్టిందో లేదో చూస్తాడు. అలవాటు కొద్దీ ఇప్పుడూ కూర్చున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు, మిషన్ మీద ఆమె తన కోసమే సగం కుట్టుకుని వదిలేసిన రంగు బట్టని చూశాడు.

"మొలిచింది. కానీ ఇంకా లేతగా ఉంది," అన్నాడు. "ఇంకో వారం ఆగుదాం."

బకెట్టు తీసుకుని వెనక్కి తిరిగాడు. నడవలోకి దారి లేదు. మేకులు పీకి ఆమె అప్పటికే పట్టీని అతని వెనక్కి జరిపేసింది.

"ఒక్కరోజే," అంది. "రేపు పొద్దున్నే జరుపుతాను."

కుర్చీ వదిలేసి నేల మీద కూర్చున్నాడు. ఆ రోజు మిషన్ నాలుగుసార్లు ఆగింది. నాలుగుసార్లూ అతనూ కిటికీ వైపే చూశాడు.