ఊదారంగు బిళ్ళలు

"అది మందులు మానేసిందే అక్కా. నా మనసు చెబుతోంది. మళ్ళీ దాని కాళ్ళు దిమ్మల్లా ఉబ్బితే ఈసారి నేను తట్టుకోలేను."

చొక్కాలు కుట్టే కార్ఖానాలో మధ్యాహ్నం గంట మోగి అందరూ అన్నం డబ్బాలు విప్పుకుంటుండగా చెకింగమ్మ ఈ మాట అంది. అప్పటికింకా ఏమీ జరగలేదు. కూతురు కాళ్ళు ఉబ్బలేదు, మందులు మానేసినట్టు రుజువూ లేదు. ఎదురుగా కూర్చున్నది బొత్తాలక్క. బొత్తాల మిషను మీద పనిచేస్తుంది కాబట్టి ఆమెకా పేరు. ముద్ద నోట్లో పెట్టుకుని తాపీగా నమిలి, అప్పుడు జవాబిచ్చింది.

"దేవుడు ఎదురైనా ఆయన చొక్కా తిరగేసి కుట్లు చూసే రకానివి నువ్వు. తిను ముందు."

ఆ మాటలో అబద్ధం లేదు. పదహారేళ్ళుగా చెకింగమ్మ పనే అది. కుట్టిన ప్రతి చొక్కానూ తిరగేసి, లోపలి కుట్టంతా వేలితో తడిమి, జారిన పోగునో, తప్పిన కుట్టునో, విరిగి ఇరుక్కున్న సూది ముక్కనో పట్టుకోవాలి. బాగున్న చొక్కాలు వందైనా ఆమెకు గుర్తుండవు. లోపమున్నది ఒక్కటి దొరికితే ఆ రోజుకి తృప్తి. సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా ఆ వేలు ఊరుకోదు.

నాలుగేళ్ళ కిందట కూతురి బుగ్గల మీద ఎర్రటి మచ్చలొచ్చాయి. ఎండకి కందిందనుకున్నారు. తర్వాత వేళ్ళ కణుపులు పట్టేశాయి. ఆ తర్వాత ముఖం, కాళ్ళు ఉబ్బాయి. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బని, దాన్ని లూపస్ అంటారని, అది కిడ్నీల దాకా పోయిందని కీళ్ళ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటల్లో చెకింగమ్మకు సగమే అర్థమైంది, ఆ సగానికే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎన్నో మందులు రాశారు. వాటిలో ఊదారంగు బిళ్ళలు మొదలుపెట్టిన మూడో నెలకు వాపు దిగింది. అప్పటినుంచి తన కూతురి ప్రాణం ఎక్కడుందంటే ఆ ఊదారంగు బిళ్ళలోనే ఉందని ఆమెకు నమ్మకం. పొద్దున రెండు, రాత్రి రెండు. కూతురు మింగేదాకా నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేది.

రెండేళ్ళ కిందట పెళ్ళయింది. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. జబ్బు సంగతి ముందే అంతా విని, విన్నాక కూడా కావాలన్నాడు. అదీ ఒక అనుమానమే అయింది చెకింగమ్మకు. అంతా తెలిసీ ఎందుకు ఒప్పుకున్నట్టు? రెండేళ్ళు గాలించినా ఆ అబ్బాయిలో ఒక్క లోపమూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి బాగా దాస్తున్నాడనుకుంది. ముగ్గురూ ఒకే చోట, మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటారు. ముందుగదిలో మంచం ఆమెది.

పెళ్ళయ్యాక మందుల డబ్బా లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. నాకు నేను వేసుకుంటానులే అమ్మా, చిన్నపిల్లనా అంది కూతురు. అక్కడినుంచి మొదలైంది. ఈమధ్య గదిలో గుసగుసలు ఎక్కువయ్యాయి. ఒకరోజు తలుపు పక్కన బట్టలు మడతపెడుతుంటే, అమ్మకి ఇప్పుడే చెప్పకు, తను నిద్రపోదు, మననీ పోనివ్వదు అని కూతురి గొంతు వినిపించింది. అల్లుడు చిన్నగా నవ్వాడు. గోడ మీది క్యాలెండరులో కొన్ని తేదీల కింద పెన్సిలు చుక్కలు కనిపించాయి. వియ్యపురాలు ఫోన్లో ఇల్లు బోసిగా ఉంది, ఇల్లు బోసిగా ఉంది అని అదే పనిగా అంటోంది. ఒక్కో పోగే. కలిపి లాగితే ఏదో ఊడేలా ఉంది.

బొత్తాలక్కతో ఆ మాట అన్న సాయంత్రమే, కూతురూ అల్లుడూ ఇంకా పనుల నుంచి రాకముందు, చెకింగమ్మ లోపలి గది బీరువా తెరిచింది. దుప్పట్ల వెనక నాలుగు అట్టలు ఉన్నాయి. అట్టకు పది, మొత్తం నలభై ఊదారంగు బిళ్ళలు. ఒక్క గుంటా నలగలేదు. పక్కన ఆమె ఎన్నడూ చూడని చిన్న పసుపు బిళ్ళల సీసా. ఇది పిల్లలు పుట్టడానికి ఆ వియ్యపురాలు పంపిన మందే అయ్యుంటుందని ఆమె అక్కడికక్కడే తీర్పు చెప్పేసుకుంది.

కూతురినే అడగొచ్చు. కానీ అడిగితే చెప్పే పిల్లయితే దుప్పట్ల వెనక దాచదు కదా.

ఒక అట్ట తీసుకుని మందుల షాపుకి వెళ్ళింది. షాపాయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి, ఇది కిడ్నీలకిచ్చే మందమ్మా, ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు అన్నాడు. అది విన్నాక ఆమెకు ఇంకేమీ వినబడలేదు. అయితే డాక్టరే మందు మార్చి ఉంటే మాత్రం అంటూ ఆయన ఏదో చెప్పబోయాడు గానీ, అప్పటికే ఆమె మెట్లు దిగిపోయింది. లోపం దొరికాక చొక్కాలో మిగతా భాగం చూసే అలవాటు ఆమెకు లేదు.

మర్నాటి నుంచి ఇంట్లో ద్రాక్షరసం మొదలైంది.

కూతురు కళ్ళద్దాల దుకాణంలో పని ముగించుకుని ఆరున్నరకి వస్తుంది. ఆరింటికల్లా చెకింగమ్మ రెండు ఊదారంగు బిళ్ళల్ని రోట్లో వేసి మెత్తగా నూరేది. నల్లద్రాక్ష రసం తీసి, పంచదార రెండు చెంచాలు ఎక్కువ వేసి, ఆ పొడి కలిపి, గ్లాసు అడుగున పేరుకోకుండా చెంచాతో తిప్పుతూ నిలబడేది. నాలుగు బిళ్ళలు కాకపోయినా సగమైనా లోపలికి పోతాయి, సగం ప్రాణమైనా నిలుస్తుంది అనుకునేది. మొదటిరోజు ఒక గుక్క తాగి కూతురు ముఖం చిట్లించింది.

"చేదుగా ఉందేంటే అమ్మా?"

"గింజలు నలిగుంటాయి. ఒంటికి మంచిది, తాగు."

తాగింది. ఆఖరి బొట్టు దాకా తాగి, గ్లాసు బోర్లించి చూపించి, సరేనా చెకింగమ్మగారూ అని ఆటపట్టించింది. అల్లుడు నాకు లేదా అత్తయ్యా అన్నాడు. ద్రాక్ష అయిపోయిందంది. రెండోరోజూ అదే మాట. మూడోరోజు నుంచి అతను అడగడం మానేశాడు. ఖాళీ అట్టల్ని ఆమె తన పని సంచీలో అడుగున దాచుకుంది. అలా పదిహేడు సాయంత్రాలు గడిచాయి. కూతురు అలసటగా ఉందని రెండుసార్లంది. చూశావా, మందు మానేసిన ఫలితం అని తల్లి మనసులో అనుకుని, మరింత శ్రద్ధగా నూరింది.

పద్దెనిమిదో రోజు పొద్దున, సెలవు పెట్టు, డాక్టరు దగ్గరికి నువ్వూ రావాలి అంది కూతురు. దారిలో ఏమీ చెప్పలేదు. ఆసుపత్రిలో వరుసగా ఉన్న ఇనప కుర్చీల్లో కూర్చున్నాక తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మేం పిల్లల కోసం చూద్దామనుకుంటున్నాం. కంగారు పడకు. డాక్టరమ్మ చెప్పినట్టే చేస్తున్నాం. ఆ ఊదా బిళ్ళ నాలుగు నెలల కిందటే ఆవిడే మాన్పించింది. దాని బదులు పసుపుది ఇచ్చింది. ఇవాళ రిపోర్టులు బాగుంటే ఇక సరే అంటుంది."

చెకింగమ్మకు కూర్చున్న కుర్చీ కిందికి దిగినట్టనిపించింది. "ఆవిడే మాన్పించిందా?" అంది.

"మరి నాకు నేనే మానేస్తానా? నీకు ముందే చెప్పాల్సింది. చెబితే నువ్వు అన్నం మానేస్తావని భయం."

అల్లుడు పక్కనుంచి, నేను చెబుదామనే అన్నానత్తయ్యా, మీ అమ్మాయే వద్దంది అన్నాడు. రెండేళ్ళలో మొదటిసారి అతని ముఖంలో ఆమెకు ఏ మడతా కనిపించలేదు. ఆ క్షణంలో చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ కూతురి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. రోజుకి రెండే కదా, ఇన్నాళ్ళు వేసుకున్న బిళ్ళలే కదా, ఏమవుతుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఇవాళ్టి నుంచి మానేస్తే సరి. ఎవరికి తెలుస్తుంది? మాన్పించడం డాక్టరమ్మ పొరపాటేమో, అదీ చూడాలి అని పాత అనుమానం ఇంకో మూల నుంచి తల ఎత్తింది.

అంతలో లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ బల్ల వెనక కూర్చుని కాగితాలు తిరగేస్తోంది. చెకింగమ్మ ఆగలేక అడిగేసింది, దీని ప్రాణం కాపాడిన బిళ్ళని ఎందుకు మాన్పించారని. ఆవిడ విసుక్కోలేదు. జబ్బు అణిగి ఉన్నప్పుడే గర్భం మంచిదని, అందుకే ఇన్ని నెలలు ఆగమన్నామని చెప్పింది. ఊదా బిళ్ళ మంచి మందే గానీ అది ఒంట్లో ఉండగా నెల తప్పితే గర్భం నిలవకపోవచ్చంది. నిలిచినా బిడ్డకి చెవులు, పై పెదవి సరిగ్గా ఏర్పడకపోవచ్చంది. అందుకే దాన్ని ముందుగా ఆపి, కడుపులో బిడ్డకు హాని చెయ్యని పసుపు బిళ్ళకు మార్చి, దాని మీద జబ్బు అణిగి ఉందో లేదో చూస్తున్నామంది.

చెకింగమ్మ తల ఊపింది. ఎందుకు ఊపుతోందో తెలియకుండానే ఊపింది.

"కిడ్నీ రిపోర్టులు చాలా బాగున్నాయి," అంది డాక్టరమ్మ. కూతురూ అల్లుడూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ మాత్రం ఇంకో కాగితం దగ్గర ఆగిపోయింది. "రక్తంలో తెల్లకణాలు మాత్రం పడిపోయాయి. పోయిన నెల బాగానే ఉన్నాయి. ఈ పసుపు బిళ్ళ ఒక్కదానికే ఇప్పుడు ఇంత పడకూడదు. ఇంకేమైనా వేసుకుంటున్నావామ్మా?"

లేదంది కూతురు. నాటుమందులు, పొడులు, ఎవరైనా ఇచ్చిన గుళికలు? ఏవీ లేవంది. పాత అలవాటు కొద్దీ ఊదా బిళ్ళ ఎప్పుడైనా? ఒక్కటి కూడా లేదు, అట్టలు విప్పనైనా విప్పలేదంది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అలాగైతే నీకు పసుపుది పడట్లేదనుకోవాలి. దాన్నీ ఆపాలి. బిడ్డకు హాని చెయ్యని మందుల్లో నీకు ఇవ్వగలిగింది నా దగ్గర అదొక్కటే. అది ఆపితే పిల్లల మాట ఇప్పట్లో మర్చిపోవాల్సి వస్తుంది. ఇంకెప్పుడో నేను చెప్పలేను. అందుకే మళ్ళీ అడుగుతున్నాను."

అల్లుడు నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. "మీ దుకాణంలో ఎవరో పిల్లల కోసం ఏదో పొడి ఇస్తానన్నారన్నావు," అన్నాడు.

"వద్దన్నానని కూడా చెప్పాను."

"చెప్పావనుకో."

"అనుకో అంటే? తీసుకుని దాస్తున్నానంటావా?"

అతను ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు చెకింగమ్మకు బాగా తెలుసు. కుట్టు లోపల ఏముందో అని తడిమే చూపు. రెండేళ్ళుగా తను ఆ అబ్బాయిని చూసింది అలాగే. ఇప్పుడు అదే చూపు తన కూతురి మీద పడింది. కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దొంగతనం అంటగట్టిన మనిషిలా బిగుసుకుపోయి కూర్చుంది.

డాక్టరమ్మ ఈసారి తల్లి వైపు చూసింది. "అమ్మా, మందుల సంగతి మొదట్నుంచీ మీరే చూసుకున్నారు కదా. ఇంట్లో ఆ పాత బిళ్ళలు మిగిలుంటే తెచ్చిచ్చేయండి. ఎన్ని ఉన్నాయి?"

"నలభై," అంది కూతురు.

డాక్టరమ్మ చూపు తల్లి మీదే ఉంది. చెబితే ఈ పిల్ల ఇక తన చేతి మంచినీళ్ళయినా తాగదు. లోపలి గదికే కాదు, ఇంటి గడపకే గొళ్ళెం పెట్టుకుంటుంది. చెప్పకపోతే పసుపు బిళ్ళ పోతుంది, దానితో పాటు పెన్సిలు చుక్కలన్నీ పోతాయి, మొగుడూ పెళ్ళాల మధ్య ఈ చూపు మిగిలిపోతుంది. బయట ఎవరి పేరో పిలిచారు. ఎవరో లేచి వెళ్ళిన చప్పుడైంది. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు మొదలుపెట్టింది. కూతురు తల తిప్పి, అమ్మా, మాట్లాడవేం అంది. తల్లి కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. అల్లుడు భార్య మీది చూపు తీసి అత్తగారి వైపు చూశాడు.

"ఆరు," అంది చెకింగమ్మ చివరికి. "ఆరే మిగిలాయి. ముప్పైనాలుగు నేనే నూరి ద్రాక్షరసంలో కలిపి తాగించాను. దానికేమీ తెలియదు బాబూ, దాన్ని అలా చూడకు. నిన్న సాయంత్రం కూడా తాగించాను."