చక్రిగాడి డ్యూటీ బ్యాగు

నాకు కోపం తొందరగా వస్తుంది. కిక్కిరిసిన బస్సులో నిలబడి "ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి" అని రోజంతా అరిచేదానికి రాకపోతే ఇంకెవరికి వస్తుంది? నేను సిటీ బస్సు కండక్టర్ని. పేరు సింధూర. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా రోజూ తిరిగేవాళ్లు నన్ను గొంతును బట్టే గుర్తుపడతారు.

అలాంటి నన్ను మా అత్తమ్మ యాదలక్ష్మి, పార్కులో పదిమంది ముందు, ఒక్క మాటతో నోరు మూయించింది.

"నీకు టికెట్లు కొట్టుడే వస్తది గానీ పిల్లగాన్ని సంభాళించుడు రాదు."

దానికంతటికీ కారణం ఒక గులాబీ రంగు బ్యాగు. మా ఆడబిడ్డ జ్యోతిక ప్రేమతోనే కొనిచ్చింది, కాదనను. మా చక్రపాణికి, అంటే మా చక్రిగాడికి, రెండో ఏడు నడుస్తోంది. "పిల్లలున్నోళ్లంత గిదే కొంటున్రు వదినా" అని చేతిలో పెట్టింది. వీపుకు తగిలించుకునే బ్యాగు. ఎటు చూసినా జిప్పులే. పాలసీసాకో అర, డైపర్లకో అర, ఆ అర లోపల ఇంకో పిల్ల అర. అది తగిలించుకుని ఊరి బయట ఉన్న నీళ్ల పార్కుకు మొదటిసారి వాణ్ణి తీసుకెళ్లాం. బొమ్మ రైలు కోసం లైన్లో నిలబడ్డాం. చంకలో ఉన్న చక్రిగాడు తాగిన పాలన్నీ నా భుజం మీద కక్కేశాడు.

నా కుడి చెయ్యి దానంతటదే ఎడమ పక్కకు పోయింది. బస్సులో నా టికెట్ల డ్యూటీ బ్యాగు ఉండేది అక్కడే కదా! చేతికి ఏమీ తగల్లేదు. బ్యాగేమో వీపు మీద. దాన్ని తియ్యాలంటే పిల్లాణ్ణి దించాలి. దించాను. నేను జిప్పులు వెతుక్కునేలోపు వాడు జనం కాళ్ల మధ్యలోంచి దూరి మాయమైపోయాడు. పేరు పెట్టి అరుస్తూ లైనంతా వెతికాను. మా ఆయన మధు అప్పటికే ఎక్కడో ట్యూబులో కూర్చుని హాయిగా తేలుతున్నాడు. ఐస్‌క్రీమ్ బండి దగ్గర వాణ్ణి పట్టుకుని తెచ్చింది అత్తమ్మే. అప్పుడే అన్నది ఆ మాట.

ఆ మాట గుచ్చుకుంది. వారంలో నాకు దొరికే సెలవు ఒక్కరోజు. మిగతా రోజులన్నీ వాడికి తినిపించేది, కడిగేది, జోకొట్టేది అత్తమ్మే. దెబ్బ తగిలితే నేను ఎదురుగా ఉన్నా సరే "నానమ్మా" అంటూ అటే పరిగెత్తుతాడు. వాడికి నేను తల్లినా, అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టాన్నా అని నాకే అనుమానం.

ఎండాకాలం సెలవులకు జ్యోతిక మళ్లీ నల్లగొండ నుంచి వచ్చింది. మళ్లీ పార్కు మాట ఎత్తింది.

"పిల్లగాన్ని నా దగ్గర ఇడిశిపెట్టి మీరు పోయిరాండ్రి" అన్నది అత్తమ్మ.

నాకు చర్రున లేచింది. "వాడు రాంది నేనెందుకు పోవాలె? నా కొడుకును నేనే తీస్కపోత. నువ్వు గూడ రా అత్తమ్మా, కండ్లార జూడు."

"సరే. మల్ల గట్లనే అయితే, వాడు బడికి పోయేదాంక బైటికి తీస్కపోతనని అనద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట!"

మధు నా వంక జాలిగా చూశాడు. నోరు జారానని నాకూ తెలుసు. కానీ జారిన మాటను వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంటావంటా లేదు.

మరునాడు డ్యూటీ దిగి ఎల్బీనగర్‌లో మా ఇంటికి పోయి, చక్రిగాణ్ణి చంకనేసుకుని, వాడి సామానంతా ఒక బియ్యం సంచిలో కుక్కి, దిల్‌సుఖ్‌నగర్ బజారులో బ్యాగుల కొట్టుకు వెళ్లాను. కొట్టతను సైదులు ఒక్కో బ్యాగు దించుతున్నాడు. నేను ఒక్కోదాంట్లో వాడి సామాను నింపుతున్నాను. నా పరీక్ష ఒక్కటే. కళ్లు మూసుకుని, పిల్లాణ్ణి దించకుండా, ఒంటి చేత్తో బ్యాగులోంచి పొడి చెడ్డీ తియ్యగలగాలి.

మొదటి బ్యాగులో జిప్పు సగంలో ఇరుక్కుంది. రెండోదాంట్లో చెడ్డీ అనుకుని బిస్కట్ ప్యాకెట్ తీశాను. ఇంకోటి ముందుకు తిప్పుకోబోతే పట్టీ చక్రిగాడి ముక్కుకు తగిలింది. వాడు కెవ్వుమన్నాడు.

"అక్కా, బ్యాగు కొంటున్నవా, గారడీ చేస్తున్నవా?" అన్నాడు సైదులు.

"పొద్దున ఆఫీసు టైముల నా బస్సెక్కు తమ్మీ. అసలు గారడీ జూపిస్త."

బ్యాగులు చూడటానికి వచ్చిన కోచింగ్ సెంటర్ అమ్మాయిలు ఇద్దరు తమ పని మానేసి నా చుట్టూ చేరారు. "కళ్లు తెరవకండి ఆంటీ! కొంచెం కిందకి, ఆ, అదేనండీ!" అని ఒకమ్మాయి హుషారుగా కేకలు. ఆంటీ అట! ఇంకో రోజైతే కడిగేసేదాన్ని. కానీ ఆ పిల్ల నా పక్షాన ఉంది కదా అని ఊరుకున్నాను.

అప్పుడు కనబడింది. పై కొక్కేనికి దుమ్ము పట్టి వేలాడుతున్న మందపు గుడ్డ బ్యాగు. జిప్పు లేదు, పైన మూత ఒక్కటే. అడ్డంగా తగిలించుకుంటే సరిగ్గా ఎడమ పక్కకు వస్తుంది.

"గది కొరియర్ పోరగాండ్లు కొంటరక్కా. నీకెందుకు?"

"నువ్వు దించవయ్యా ముందు!"

మెడలోంచి వేసుకున్నాను. సామాను నింపాను. చక్రిగాణ్ణి కుడి నుంచి ఎడమ చంకకు మార్చి కళ్లు మూసుకున్నాను. మూత ఎత్తడం, చెయ్యి పెట్టడం, తియ్యడం. కళ్లు తెరిచేసరికి చేతిలో నీలం చెడ్డీ! అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. చక్రిగాడు కూడా కొట్టాడు.

మా వీధి దర్జీ దగ్గర పట్టీ వెడల్పు చేయించి, నా పాత ఖాకీ చొక్కా చింపి లోపల అరలు కుట్టించాను. డ్యూటీ బ్యాగులో చిల్లర చిల్లరే, నోట్లు నోట్లే. రెండూ కలిశాయంటే ఇక పరేషానే. ఇక్కడా అంతే. పొడి బట్టలు వెనక, తడివి వెయ్యడానికి ప్లాస్టిక్ సంచీ తొడిగిన అర పక్కన, తినేవి ముందు.

పార్కుకు బయల్దేరే రోజు అత్తమ్మ దాన్ని చూసి ముక్కున వేలేసుకుంది. "గిదేంది, ఉత్తరాలు పంచనీకి పోతున్నవా?"

జ్యోతిక పకపకా నవ్వింది. నేను పట్టీ సర్దుకుని ముందు నడిచాను.

మళ్లీ అదే బొమ్మ రైలు, అదే లైను. నిలబడి ఎంతోసేపు కాలేదు, చక్రిగాడు తాగుతున్న మామిడి రసం మొత్తం ఒంటి మీద ఒంపుకున్నాడు. ఆ చల్లదనానికి బెదిరి కిందా తడిపేశాడు. ముందువాళ్లు, వెనకవాళ్లు, మా అత్తమ్మ, అందరి చూపూ నా మీదే. అత్తమ్మ అప్పటికే పిల్లాడి కోసం రెండు చేతులూ చాపింది.

నా చెయ్యి ఎడమ పక్కకు పోయింది. ఈసారి బ్యాగు అక్కడే ఉంది!

తువ్వాల వచ్చింది. తుడిచాను. చొక్కా వచ్చింది, చెడ్డీ వచ్చింది. తడివి తడి అరలోకి పోయాయి. వాడి కాళ్లు నేల తాకలేదు. లైను కదిలేసరికి వాడు చేతిలో బిస్కట్ పట్టుకుని, దొరబాబులా రైలు వంక చూస్తున్నాడు. అత్తమ్మ చాపిన చేతులతో కొంగు సర్దుకుని "ఊఁ" అన్నది. ఆ "ఊఁ" నాకు ప్రమోషన్ ఆర్డరు వచ్చినట్టే ఉంది.

మధ్యాహ్నం అలల కొలను దగ్గరికి చేరాం. "అమ్మా, నీల్లు! నీల్లు!" అని చక్రిగాడు నా వేలు పట్టుకుని లాగుతున్నాడు. నీళ్లలోకి దిగే నైలాను బట్టలు నేను ముందే వేసుకున్నాను, పైన బ్యాగుతోనే. ఇప్పుడొచ్చింది చిక్కు. బ్యాగుతో కొలనులోకి దిగలేను. డ్యూటీలో ఉన్న కండక్టర్ బ్యాగు ఎవరికీ ఇవ్వదు. డ్రైవరడిగినా ఇవ్వదు.

"నాకియ్యి, నేను పట్టుకుంట" అన్నాడు మధు. ఆయన చేతిలో పెడితే ఏ కుర్చీ మీదో మరిచిపోతాడు. తల అడ్డంగా ఊపాను.

"పోనీ పిల్లోన్ని నాకియ్యి వదినా, నేను దింపుత" అన్నది జ్యోతిక. అదీ నాకు ఇష్టం లేదు.

బెంచీ మీద మోకాళ్లు రుద్దుకుంటున్న అత్తమ్మ లేచి వచ్చి చెయ్యి చాపింది. "ఇటియ్యి."

ముందు పట్టీ గట్టిగా పట్టుకున్నాను. తర్వాత నేనే తీసి ఆమె మెడలో వేశాను. "తువ్వాల ఎనక..." అని చెప్పబోయాను.

"నాకు జెప్పకు. పొద్దటిసంది జూస్తనే ఉన్న."

ఇద్దరం దిగాం. మొదటి అలకు వాడు కేరింతలు కొట్టాడు. రెండోది కాస్త పెద్దదే వచ్చింది. నీళ్లు ముక్కులోకి పోయి దగ్గు, ముఖమంతా ఏడుపు. నానమ్మ ఎదురుగా, గట్టు మీదే నిలబడి ఉంది. ఇక అటే చేతులు చాపుతాడనుకున్నాను. వాడు రెండు చేతులతో నా మెడ చుట్టేసి, చెవి చిల్లుపడేట్టు "అమ్మా!" అన్నాడు. గట్టిగా హత్తుకున్నాను. నా ఏడుపు ఎవరికీ కనబడలేదు, మొహం అంతా నీళ్లే కదా. దగ్గు తగ్గాక వాడు నా గడ్డం పట్టుకుని "మల్ల, అమ్మా, మల్ల!" అన్నాడు. మళ్లీ ఎగిరాం. మళ్లీ మళ్లీ ఎగిరాం.

ఒడ్డుకు వచ్చేసరికి జనం గోడ కట్టినట్టు నిలబడ్డారు. వాడేమో చలికి వణుకుతున్నాడు. నేను గొంతు సవరించుకునేలోపే అవతలి నుంచి ఒక కేక వినబడింది.

"ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి! నా కోడలు ఒస్తున్నది, పిల్లగాడు తడిసిండు! జరుగుండ్రి!"

జనం జరిగారు. ఆ గొంతుకు బస్సైనా జరుగుతుంది. మధ్యలో మా అత్తమ్మ, ఎడమ చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, చూపు మా మీదే నిలిపి, కుడి చెయ్యి బ్యాగులో పెట్టి ఠక్కున తువ్వాల లాగింది. పిల్లాణ్ణి నా చంకలోంచి తీసుకోలేదు. నా చంకలోనే ఉంచి, వాడి తల తుడిచి, ఆ తర్వాత నా తల తుడిచింది.

"ఇగ తే అత్తమ్మా" అని బ్యాగు కోసం చెయ్యి చాపాను.

అత్తమ్మ పట్టీ సర్దుకుని, మూత మీద చెయ్యి వేసుకుంది.

"ఇయ్య. డ్యూటీల ఉన్న."