గట్టు మీద అపోస్తలుడు

ఆ గురువారం తెల్లవారేసరికి పడమటి ఆకాశం నీలిమందు ఎక్కువైన బట్టలా ఉంది. తూర్పున పొద్దు పొడిచింది గానీ, పలకరించిపోదామని వచ్చిన చుట్టంలా కాసేపు గుమ్మంలో నిలబడి లోపలికి పోయింది. రెండో పంట, దాళ్వా కోతల రోజులు. కోసిన పనలు చేలల్లో పరిచి ఉన్నవాళ్లంతా మెడలెత్తి మబ్బుకేసి చూస్తున్నారు. శౌరయ్యా చూశాడు. అతని వరి కిందటి శనివారమే కుప్ప పడింది. అతని బెంగ వరి గురించి కాదు, పాదాల గురించి.

పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఫాదరు గారు పన్నెండుమంది మగవాళ్లను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, ప్రభువు తన శిష్యులకు కడిగినట్టు, వాళ్ల కాళ్లు కడుగుతారు. తొమ్మిదేళ్లుగా శౌరయ్య పేరు ఎవరికీ గుర్తు రాలేదు. అందుకు ఎవరినీ అనడానికి లేదు. పెదవి విప్పని మనిషి గుడిలో ఉన్నా స్తంభం ఉన్నట్టే ఉంటుంది. ఈసారి, డెబ్భై తొమ్మిదిలో, పన్నెండోవాడు దొరక్క, గుడి పనులు చూసే ఉపదేశి ముసలయ్య గారు అతని పేరు రాశారు.

మట్టల ఆదివారం పూజ అయ్యాక కొత్తగా వచ్చిన మలయాళీ ఫాదరు గారు ఆ పన్నెండుమందినీ వరండాలో నిలబెట్టి ఒకటే అడిగారు. ఎవరితోనైనా పగ ఉన్నవాళ్లు ముందు వెళ్లి సమాధానపడి రావాలి, లేదంటే ఇప్పుడే తప్పుకోవాలి. శౌరయ్యకు తమ్ముడు చిన్నప్పతో మూడేళ్లుగా మాటల్లేవు. అక్కడే నిలబడి లెక్కగా ఆలోచించుకున్నాడు. గొడవ పడాలంటే మాట్లాడుకోవాలి గదా. మాటే లేనప్పుడు గొడవ ఎక్కడిది? ఇంతకన్నా ప్రశాంతంగా బతికే అన్నదమ్ములు తాలూకా అంతా గాలించినా దొరకరనిపించింది.

"ఎవరితోనూ గొడవ లేదండి," అన్నాడు.

ఆ నెలలో అతను పలికిన అతి పొడవైన మాట అదే. అదీ అబద్ధం.

అన్నదమ్ముల చేల మధ్య వాళ్ల నాన్న వేసిన గట్టు ఒకటుంది. ఆయన రోజుల్లో గడ్డిమోపు ఎత్తుకుని మనిషి ధీమాగా నడిచేవాడు. మూడేళ్ల కిందట, నాట్ల దమ్ముకు ముందు, చిన్నప్ప తన వైపు పారతో జానెడు చెక్కాడు. ఇంకొకడైతే అరిచేవాడు. శౌరయ్య అరవలేదు. ఇంటికెళ్లి పార తెచ్చుకుని తన వైపూ జానెడు చెక్కాడు. ఆ తర్వాత తొలి పంట సార్వాకొకసారి, దాళ్వాకొకసారి ఇద్దరూ బెత్తెడు చొప్పున, మాటా పలుకూ లేకుండా చెక్కుతూ వచ్చారు. ఇప్పుడా గట్టు మీద పిల్లి కూడా ఆలోచించి అడుగేస్తుంది.

సోమవారం నుంచి శౌరయ్య పాదాల పని పట్టాడు. నూతి దగ్గర కూర్చుని ఇటుక ముక్కతో, కొబ్బరి పీచుతో, కుంకుడు రసంతో తోమాడు. మడమ పగుళ్లలో ఇరవై ఏళ్ల రేగడి గట్టిపడి ఉంది. అది వదిలేసరికి బుధవారమైంది. గురువారం మధ్యాహ్నం కొబ్బరినూనె రాస్తుంటే భార్య జ్ఞానమ్మ గుమ్మంలోంచి చూసింది.

"మన పెళ్లికి కూడా ఇంత తోముకోలేదు మీరు. ఫాదరు గారు కడగడానికి ఏవైనా మిగల్చండి."

అతను ఇంకాస్త నూనె పోసుకున్నాడు. పాదాలు చంటిపిల్లాడి బుగ్గల్లా ఉన్నాయి. వాటికేసి చూసుకుంటుంటే, అపోస్తలులలో ఎవరికీ ఇంత శుభ్రమైన కాళ్లు ఉండి ఉండవన్న ఆలోచన వచ్చింది. అది గర్వమని తెలిసి లెంపలేసుకుని, మళ్లీ చూసుకున్నాడు.

ఎలా కూర్చోవాలో నేర్పడానికి ఫాదరు గారు మూడు గంటలకే రమ్మన్నారు. అంతకుముందే నాలుగు చినుకులు పడి ఆగాయి. మండపేట మిల్లులకు ధాన్యం తోలే లారీలతో రోడ్డంతా బురద చిమ్ముతోంది. రోడ్డున వెళితే మూడు రోజుల తపస్సు గంగపాలే. చెప్పులు తొడిగితే తోలు పట్టీ మచ్చ పడుతుంది. శౌరయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, గుడికి అడ్డదారని, మూడేళ్లుగా దాటని ఆ గడ్డి గట్టెక్కాడు. పాదాల మీది ప్రేమ అతణ్ణి అంత పనికీ సిద్ధం చేసింది.

సగం దూరం వచ్చాక తమ్ముడు కనిపించాడు. చిన్నప్ప చేను పల్లం. పనలింకా నేల మీదే ఉన్నాయి. ఎవరి వరి వాళ్లు లాక్కుంటున్న రోజు, కూలీలు దొరకలేదు. చిన్నప్ప, అతని భార్య మరియమ్మ ఇద్దరే పనలు చంకనేసుకుని మెరకకు మోస్తున్నారు. మబ్బు పెద్దంచు చీరలా ముందుకొస్తోంది. ఇద్దరి వల్ల అయ్యే పని కాదది.

శౌరయ్య ఆగాడు. సాయం అడిగితే చేద్దును, అడగలేదు కదా అనుకున్నాడు. మాటల్లేనివాడు ఎలా అడుగుతాడన్నది తోచలేదు. రేపు సిలువమార్గంలో వీళ్ల కోసం ఒక పరలోక జపం ఎక్కువ చెబుదామని తీర్మానించుకుని, పెద్ద బరువు దించుకున్నవాడిలా అడుగు ముందుకు వేశాడు.

ఆ అడుగు కింద గట్టు లేదు. కిందటి సార్వాకు తనే చెక్కిన చోటు అది. నూనె పాదం సర్రున జారింది. తన చేలో పడినా పరువు దక్కేది. తమ్ముడి చేలో, గట్టు వార నీళ్ల బోదెలో, మోకాళ్ల దాకా బురదలో, ధోవతితో సహా కూలబడ్డాడు.

"బావగారొచ్చారు," అంది మరియమ్మ మొగుడితో, ఎదురు చూస్తున్న మనిషి వచ్చినట్టుగా.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ చెప్పడం అతనికి అలవాటు లేదు. పాదాలు ఎలాగూ పోయాయి. లేచి పన ఎత్తాడు. ముగ్గురూ రెండు గంటలు మోశారు, కట్టారు, కుప్ప వేసి పైన గడ్డి కప్పారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. కుప్పకు చివరి మోపు పడేసరికి గుడి గంట మోగింది, వాన మొదలైంది.

గుడికి చిన్నప్ప కూడా వెంట నడిచాడు. అప్పటికే పదకొండు కుర్చీలు నిండాయి. శౌరయ్య కూర్చుని పక్కకు చూశాడు. పదకొండు జతల పాదాలూ తళతళ మెరుస్తున్నాయి. ఊళ్లో ఇటుక ముక్కలన్నీ ఆ వారం ఒకే పని మీద ఉన్నాయన్నమాట. పదకొండోవాడి దాకా పళ్లెంలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. శౌరయ్య దగ్గర కుడితి అయ్యాయి. ఫాదరు గారు రెండోసారి నీళ్లు తెప్పించారు. మడమ పగులులో ఇరుక్కున్న గడ్డిపరకను వేళ్లతో తీశారు. ముసలయ్య గారు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పారు.

ఫాదరు గారు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో ప్రసంగించారు. "ఈ గ్రామమున ఒక్క జత పాదములు మాత్రమే కడుగుటకు యోగ్యముగా ఉన్నవి. ఇతడు తన సహోదరుని పొలమునుండి వచ్చెను." గుడి గుడంతా శౌరయ్యకేసి తిరిగింది. తొమ్మిదేళ్లుగా కోరుకున్నది ఇదే. ఇప్పుడు స్తంభం వెనక చోటుంటే వెళ్లి నిలబడాలనిపించింది. ఆదివారం ఒక అబద్ధం చెప్పి వచ్చాడు. ఇప్పుడు నోరు విప్పకుండానే రెండోది.

పూజ అయ్యాక మరియమ్మ బావగారినీ, జ్ఞానమ్మనీ తమ ఇంటికి భోజనానికి రమ్మంది. వాన పెంకుల మీద దబదబలాడుతోంది. వంకాయలో ఎండ్రొయ్యలు వేసి వండింది. శౌరయ్య అన్నం కలిపాడు, ముద్ద చేశాడు, నోటి దాకా తెచ్చి కంచంలో పెట్టాడు.

"ఒరే చిన్నప్పా."

మూడేళ్ల తర్వాత ఆ పిలుపు. అందరి చేతులూ ఆగాయి.

"నీకోసం రాలేదురా నేను. జారి పడ్డాను."

"చూశాను," అన్నాడు చిన్నప్ప. "గట్టెక్కిన కాణ్ణించీ చూస్తానే ఉన్నాను. అక్కడ పడతావనీ తెలుసు. జాగ్రత్తని కేకేద్దామనుకున్నాను గానీ, మనకు మాటల్లేవు కదా అన్నయ్యా."

జ్ఞానమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఫాదరు గారికి చెప్పేయాలి," అన్నాడు శౌరయ్య.

"శనివారం పాపసంకీర్తనానికి ఇద్దరం పోదాం. ముందు చెక్కింది నేనేగా."

దాంతో ఆ ఏడాదికి ఇద్దరి దగ్గరా ఉన్న మాటలు అయిపోయాయి. శౌరయ్య పక్కన పెట్టిన ముద్ద తీసుకున్నాడు. మరియమ్మ అడక్కుండానే అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. మజ్జిగ పోసుకునేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాతా మాట్లాడలేదు.