ఊడ్చిన వాకిలి

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చెప్పడం, ఆ ఉద్యోగం సంపాదించడం కన్నా కష్టమైంది.

"జంతువులు ఎక్కడెక్కడ నడిచాయో చూసి రాసుకోవాలమ్మా."

"అంతేనా?"

"వాటి పెంటికలు కూడా ఏరి చూడాలి. ఏం తిన్నాయో తెలుస్తుంది."

"మన వంశంలో మొదటి డిగ్రీ నీదే. ఎవరైనా అడిగితే ఆఫీసు పని అని చెప్తాలే" అంది అమ్మ ఫోన్‌లో.

అబద్ధమేమీ కాదు. ఆఫీసు ఉంది. గేటు పక్కన రెండు గదుల చిన్న ఇల్లు. ముందు గదిలో బల్ల, గోడకు భూమి పటం. వెనక గదిలో నా మంచం. గేటు అని పేరే గానీ దానికి అటూ ఇటూ కంచె లేదు. జింకలు దాని పక్కనుంచి పోతాయి. గేటు తీసుకుని లోపలికి వచ్చేది నేనూ, నాకు ఉద్యోగమిచ్చిన పెద్దాయన బావమరిదీ మాత్రమే.

ఆ భూమంతా పెద్దాయన, ఆయన భార్య అమ్మగారూ కొన్నది. ఒకప్పుడు దున్ని దున్ని, మేపి మేపి చచ్చిపోయిన నేల. దాన్ని మళ్లీ అడవిగా మారనివ్వాలని ఇద్దరూ ఉన్న ఆస్తినీ, మిగిలిన ఆయుష్షునూ అందులో పోశారు. వాగు నీళ్లు మళ్లించడానికి తవ్విన కాలువలు పూడ్చారు, కంచెలు పీకించారు, తర్వాత చేతులు కట్టుకుని కూర్చున్నారు. చేతులు కట్టుకు కూర్చోవడమే పెద్దాయనకు చేతకాలేదు.

పెద్దాయన కోట్లు సంపాదించింది కంచె తీగ అమ్మి. ముళ్లతీగ, అల్లిక తీగ, గొర్రెల తీగ, తోట తీగ. వారానికోసారి భోజనానికి వచ్చే బావమరిది ప్రతిసారీ అదే మాట అనేవాడు. "బతుకంతా కంచెలమ్మావు బావా, ఇప్పుడు డబ్బిచ్చి మరీ పీకిస్తున్నావు. మొదట్లోనే ఊరుకుని ఉంటే రెండు ఖర్చులూ తప్పేవిగా!"

"మీ అక్కను అడగరా" అనేవాడు పెద్దాయన.

నేను ఓ రోజు అడిగాను. అమ్మగారు అప్పుడు మొక్కల మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది. ఎక్కడికో ప్రయాణమై పోతుంటే దారి పక్కన కంచెలో ఇరుక్కుని చచ్చిపోయిన జింకపిల్ల కనబడిందట. కారు ఆపించి దగ్గరికి వెళ్లింది. తీగకు చిన్న రేకు బిళ్ల వేలాడుతోంది. దాని మీద వాళ్ల ఫ్యాక్టరీ పేరుంది. "ఆయన అచ్చు వేయించిన బిళ్లే. అందంగా ఉంటుందని రంగు నేనే ఎంచాను" అంది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాతే ఈ భూమి. మొదలుపెట్టిన రోజున పెద్ద సభ చేశారట. అమ్మగారు మైకు పట్టుకుని, "ఏ రోజు అడవి జంతువు అడుగు మా ఇంటి వాకిట్లో పడుతుందో, ఆ రోజే మేం సామాను సర్దుకుంటాం. ఇల్లు కూల్పించి ఆ చోటు కూడా అడవికే వదిలేస్తాం" అని అందరి ముందూ మాట ఇచ్చింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది పెద్దాయనే.

"కొట్టనా మరి? అప్పుడీ చుట్టుపక్కల నక్క అనదగ్గది మా బావమరిది ఒక్కడే" అని నాతో అన్నాడు ఒకసారి.

నేను చేరేసరికి సంగతి మారిపోయింది. నక్కలొచ్చాయి, జింకలొచ్చాయి, వాగులో నీటికుక్కలు కూడా దిగాయి. ఇక మిగిలింది వాకిలి. ఆ జాడ కనబడిన రోజున చెప్పాల్సిన మనిషిని నేను. అమ్మగారు రోజూ పొద్దున్నే అడిగేది.

"ఏమ్మా, వాకిట్లో ఏమైనా?"

"ఏమీ లేవమ్మగారూ."

"ఇంకా మనిషి వాసన పోలేదేమో. ఏమండీ, మీరు ఆ తలనూనె మానేయండి."

పెద్దాయన తలనూనె మానేశాడు. తర్వాత వరండాలో రేడియో మానేశాడు. తుమ్ము వస్తే లోపలికి పరిగెత్తి దిండులో తుమ్మేవాడు. అంత బుద్ధిగా మాట వినే మొగుడిని నేను ఎక్కడా చూడలేదు. అనుమానం అక్కడే రావాల్సింది. నాకు రాలేదు. పెద్దవాళ్ల మీద అనుమానపడటం మాకు కాలేజీలో నేర్పలేదు, ఇంట్లో అసలే నేర్పలేదు.

నాకు అంతుపట్టనిది నక్క ఒక్కటే. నక్క నడక కుక్క నడకలా అడ్డదిడ్డంగా ఉండదు. ముందు కాలు పడిన చోటే వెనక కాలు పెడుతూ, దారం కట్టి లాగినట్టు తిన్నగా పోతుంది. వాగు ఒడ్డు నుంచి బయల్దేరిన జాడ తుప్పల మీదుగా, ఎండిన గడ్డి మీదుగా ఇంటి దాకా వచ్చేది. వాకిలి మొదట్లో మాయమయ్యేది. ఇంటికి అవతలి పక్క మళ్లీ మొదలయ్యేది. మధ్యలో నక్కకు రెక్కలు మొలవాలి, లేదా నా చదువులో ఏదో లోటుండాలి. రెండోదే అయి ఉంటుందని పుస్తకాలు మళ్లీ తిరగేశాను.

చివరికి ఒక రోజు తెల్లవారకముందే లేచి వెళ్లి, ఇంటికి ఎదురుగా తుప్ప వెనక కూర్చున్నాను. వెలుగు రాగానే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పెద్దాయన బయటికి వచ్చాడు. చేతిలో చెప్పులు, చంకలో చీపురు. మెట్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి అడుగులేసుకుంటూ ఊడుస్తున్నాడు. కంచె తీగ లాగిన చేతులు కదా, చీపురు గీతలు కూడా వరుసలు వరుసలుగా, ఒకదానికొకటి సమానంగా పడుతున్నాయి.

"సార్!"

ఆయన ఎగిరిపడ్డాడు. "ష్! అరవకమ్మా డిగ్రీ. ఆవిడ లేస్తుంది." నా చదువే ఆయనకు నా పేరు.

"ఏం చేస్తున్నారు సార్?"

"కనబడటం లేదూ? ఇల్లు కాపాడుకుంటున్నాను."

చీపురు ముందు ఒకే ఒక్క అడుగు మిగిలి ఉంది. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు, ఎంత శుభ్రంగా పడిందో! "ఒక్క నిమిషం ఆగండి సార్" అని కూర్చుని కొలుచుకున్నాను. నేను లేవగానే ఆయన దాన్నీ ఊడ్చేశాడు.

"ఇది తప్పు సార్."

"తప్పే. నేను కాదన్నానా?"

"ఇల్లంటే అంత ఇష్టమా?"

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "ఇల్లు ఏముందమ్మా, గోడలు. ఫ్యాక్టరీ నడిపిన రోజుల్లో ఆవిడకీ నాకూ మధ్య నడిచిన మాటలు, 'తిన్నారా', 'తిన్నాను'. అంతే. ఇక్కడికొచ్చాక సాయంత్రం ఈ మెట్ల మీద కూర్చుంటాం. ఇది ఏ పిట్ట కూత అని నేనడుగుతాను, నీకు ఇంతకాలానికి కూడా తెలియలేదా అని ఆవిడ తిడుతుంది. నాకు తెలుసు. తిడుతుందని అడుగుతాను. టౌనులో ఫ్లాటు సిద్ధంగా ఉంది. అక్కడికి పోతే ఆవిడ సభలు ఆవిడవి, నా టీవీ నాది. మళ్లీ 'తిన్నారా', 'తిన్నాను'."

అయినా నా పని నాకుంది. "ఆవిడ అడిగితే నేను అబద్ధం చెప్పలేను సార్. జీతం తీసుకుంటున్నాను."

"జీతం ఇచ్చేది నేనే కదమ్మా!"

"సంతకం ఆవిడది సార్."

ఆయన చీపురు కేసి చూసి నిట్టూర్చాడు. "పోనీ నువ్వు రోజూ కాస్త ఆలస్యంగా రా. ఆలస్యంగా రావడం అబద్ధం కాదు."

"బళ్లో చేరినప్పటి నుంచీ ఎప్పుడూ ఆలస్యంగా వెళ్లలేదు సార్."

"తెలుస్తూనే ఉంది. నీలాంటి మనిషిని ఏరి కోరి తెచ్చుకుంది చూడు, నా పెళ్లాం!"

ఆదివారం లోపల ఆయనే స్వయంగా చెప్పేలా, అప్పటిదాకా నేను నోరు తెరవకుండా ఉండేలా ఒప్పందం కుదిరింది. ఆ పూటే అమ్మగారు ఎప్పటిలాగే అడిగింది. "ఏమ్మా, వాకిట్లో ఏమైనా?"

"వాకిలి శుభ్రంగా ఉందమ్మగారూ" అన్నాను నేల చూపులు చూస్తూ.

"అవును. భలే శుభ్రంగా ఉంటోంది" అందావిడ, టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. వరండాలో భోజనాలు. ఆ వరండా నేల మీద కాదు, మోకాలెత్తు చెక్కల మీద ఉంటుంది. దాని కింద ఖాళీలో పెద్దాయన ఫ్యాక్టరీలో తయారైన మొట్టమొదటి తీగ చుట్ట దాచుకున్నాడు. అడవి ఆశయానికి విరుద్ధమని అమ్మగారు ఎన్నిసార్లు పారేయమన్నా పారేయలేదు.

"ఏంటి బావా, తల అలా ఎండిపోయింది? గడ్డివాములా ఉంది" అన్నాడు బావమరిది.

"నక్కల కోసంరా."

"నక్క రావడానికి నూనె మానేశావా? అది నీ జుట్టులో కాపురం పెట్టేస్తుంది చూడు."

నేను పెద్దాయన కేసి చూశాను. ఆయన నా కేసి చూసి, అమ్మగారి వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఏమోయ్, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి."

"అదే... వాకిలి సంగతి..."

అప్పుడే కాళ్ల కింద నుంచి సన్నగా ఒక కీచు వినబడింది. దాని వెనకే ఇంకోటి. పెద్దాయన మాట ఆగిపోయింది. కుర్చీ జరిపి, డెబ్బై దాటిన మనిషి, బోర్లా పడుకుని చెక్కల సందులో కన్ను పెట్టాడు. చాలాసేపు లేవలేదు. బావమరిది కంగారుపడి, "బావా! గుండెనొప్పా?" అని అరిచాడు.

"నోరు ముయ్యరా! పిల్లలు పడుకున్నాయి."

మేం ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం బోర్లా పడుకుని చూశాం. తీగ చుట్ట మధ్యలో ఎండుగడ్డి పరుచుకుని తల్లి నక్క ముడుచుకుని ఉంది. దాని పొట్టకు అంటుకుని నాలుగు పిల్లలు, కళ్లు కూడా తెరవనివి. పెద్దాయన లోకంలో అన్నిటికన్నా దగ్గరగా దాచుకున్న కంచె, వాటికి ఉయ్యాల అయింది. వాకిలి ఊడ్చవచ్చు గానీ, దీన్ని ఊడ్చే చీపురు లేదు.

పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సామాను సర్దుదాం పద. ముందు తలుపు వాడొద్దు. వంటింటి వైపు నుంచి పోదాం" అన్నాడు. అమ్మగారి కేసి తిరిగి, "ఇందాక చెప్పబోయింది ఏమిటంటే, రోజూ పొద్దున్నే నేను..."

"తెలుసు" అంది అమ్మగారు.

"ఏం తెలుసు?"

"కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. ముందు నక్క వచ్చి పోతుంది. వెనకే మీరు వస్తారు."

"మరి ఒక్క మాటా అనలేదేం?"

"పెళ్లైనప్పటి నుంచీ తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి, తనంతట తనే లేచి వాకిలి ఊడుస్తుంటే ఏ ఆడది ఆపుతుంది?" అంది. తర్వాత తమ్ముడు వినకుండా గొంతు తగ్గించింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "మైకులో మాట ఇచ్చింది నేను. వెనక్కి తీసుకోలేను. నా బదులు మీరు ఆ మాట తప్పుతుంటే నాకు బాగానే కుదిరింది. నాకు మాత్రం తొందరేముంది?"

ఆ తర్వాత పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. "మరి నా తలనూనె?"

"ఆ వాసన నాకు మొదట్నుంచీ పడదు."

సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. పరుపు నెత్తిన పెట్టుకుని మునివేళ్ల మీద నడుస్తున్న బావమరిది, "జనం నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. మీరు తొక్కకుండానే ఇల్లు పోగొట్టుకున్నారు" అని గుసగుసలాడాడు. గుసగుసలో కూడా ఆయన గొంతు వాగు దాకా వినబడుతుంది. అమ్మగారు వీపు మీద ఒక్కటి వేసింది.

టౌను ఫ్లాటుకు పోతారనుకున్నాను. పోలేదు. పిల్లలు పెరిగి వెళ్లేదాకా ఎవరూ ఆ దరిదాపులకు పోకుండా చూసే దిక్కుండాలి కదా అన్నాడు పెద్దాయన. అమ్మగారు వెంటనే ఒప్పుకుంది. అంత వెంటనే ఆవిడ దేనికీ ఒప్పుకోవడం నేను చూడలేదు. అలా కాపలా ఉండటానికి దగ్గరలో ఉన్న చోటు ఒక్కటే, గేటు పక్కన నా రెండు గదులు. వెనక గది వాళ్లది అయింది. నేను పటం కింద పరుపు వేసుకున్నాను.

ఇల్లు కూల్చడానికని ముందే మాట్లాడిపెట్టుకున్న కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. నా బల్ల దగ్గరే పెద్దాయన మాట్లాడాడు.

"ఇప్పుడు కాదయ్యా. యజమాని ఒప్పుకోవడం లేదు... లేదు, నేను కాదు. నేను మొన్నటిదాకా యజమానిని... ఆవిడ బాలింత. అడగడానికి కూడా వీల్లేదు."

సాయంత్రాలు ఇద్దరూ నా గుమ్మం ముందున్న ఒకే ఒక్క మెట్టు మీద ఇరుక్కుని కూర్చుంటున్నారు. జరగండి, ఎక్కడికి జరగను, అది ఏ పిట్ట, చెవుడా మీకు, నిన్న చెప్పాను కదా. లోపల నేను పని చేసుకోలేక చెవుల్లో దూది పెట్టుకుంటున్నాను. ఆ చప్పుడు ఫోన్‌లో విని, ఎవరే వాళ్లు అని అడిగింది మా అమ్మ. నాకు జీతం ఇచ్చేవాళ్లు, నా గదిలో ఉంటున్నారు అన్నాను. అమ్మ ఇక నా ఉద్యోగం గురించి ఎవరికీ ఏమీ చెప్పదట.

నిన్న పొద్దున నాకు మెలకువ వచ్చింది చీపురు చప్పుడుకు. బయటికి పరిగెత్తేసరికి, గేటు పక్కన రాత్రి అడవిపందుల మంద నడిచిపోయిన దారి సగం దాకా వరుసలు వరుసలుగా, ఒకదానికొకటి సమానంగా, శుభ్రంగా ఊడ్చి ఉంది.

"సార్! జాడలు సార్!"

పెద్దాయన చీపురు కేసి, నేల కేసి, నా కేసి చూశాడు. "అయ్యో. అలవాటైపోయిందమ్మా డిగ్రీ."

చీపురు లాక్కున్నాను. లోపలి నుంచి అమ్మగారి నవ్వు వినబడింది. "మాన్పించకమ్మా, నీకు పుణ్యముంటుంది! బయట వద్దంటే లోపల ఊడ్వమను. వెనక గది చూశావా, ఎంత దుమ్ముందో!"